రాయిని కరిగించే నీరు

మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసుకుంటాం. రోజూ మంట పెడతాం. ఆ రాళ్లు నల్లబడతాయి, ఎప్పుడైనా పగులుతాయి. కరగవు. మరి అగ్నిపర్వతంలో రాయి ఎలా కరుగుతుంది?

లోపల పెద్ద మంట ఉందని చాలామంది అనుకుంటారు. అక్కడ మంట లేదు, వేడి ఉంది. కొన్ని కొండల కింద ఆ వేడికి తోడు ఇంకొకటి ఉంది. అది నీరు. నమ్మబుద్ధి కాదు కదూ!

ఫిలిప్పీన్స్ దేశంలో లుజోన్ అనే పెద్ద దీవి ఉంది. దాని మీద పినటూబో అనే కొండ ఉంది. దీవికి పడమట సముద్రం. ఆ సముద్రం అడుగున ఉన్న నేల మెల్లగా దీవి కిందికి దూరుతోంది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. మన చేతి గోరు పెరిగినంత నెమ్మదిగా అన్నమాట. ఆ నేల వేల ఏళ్లు కాదు, లక్షల ఏళ్లు సముద్రంలో నానింది. రాయిలోనే నీరు కలిసిపోయింది.

జొన్నపిండి ముద్దలో నీరు మన కంటికి కనపడదు. రొట్టె పెనం మీద వేస్తే ఆవిరై బయటికి వస్తుంది. ఆ రాయి కూడా అంతే. కిందికి దిగేకొద్దీ వేడెక్కుతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు పోయేసరికి నీటిని వదిలేస్తుంది. ఆ నీరు పైనున్న వేడి రాయిలోకి చేరుతుంది. ఆ రాయి అప్పటికే ఎంతో కాలి ఉంటుంది. అయినా పైనున్న బరువు నొక్కుతూ ఉండడం వల్ల కరగకుండా ఉంటుంది. నీరు చేరగానే కరగడం మొదలుపెడుతుంది. ఎండు రాయి కన్నా తడి రాయి కొన్ని వందల డిగ్రీలు తక్కువ వేడికే కరుగుతుంది.

"నీళ్లు పోస్తే నిప్పు ఆరుతుంది గాని, రాయి కరగడమేమిటి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. పొయ్యిలో పోసిన నీరు ఆవిరై గాలిలోకి పోతుంది. అంత లోతులో ఎక్కడికి పోతుంది? రాయిలోకే చొరబడుతుంది. రాయిని గట్టిగా పట్టి ఉంచే కట్టును వదులు చేస్తుంది. కంసాలి అతుకు పెట్టేటప్పుడు వెలిగారం వేస్తాడు, టంకం సులువుగా పారుతుంది. రాయికి నీరు అలాంటి తోడు.

కరిగిన రాయిని మాగ్మా అంటారు. అది తేలిక కాబట్టి పైకి వస్తుంది. నీటినీ, గంధకాన్నీ తనలో కలుపుకుని వస్తుంది. పినటూబో కింద ఉన్న రాతి రసం 100 కిలోలు తీస్తే అందులో సుమారు 6 కిలోలు నీరే!

గోలీ సోడా చూశారుగా. గోలీ నొక్కేదాకా లోపలి గ్యాసు కనపడదు. నొక్కగానే బుస్సుమని పొంగుతుంది. మాగ్మా పైకి వచ్చేసరికి దాని మీద బరువు తగ్గుతుంది. లోపలి నీరు ఆవిరి బుడగలవుతుంది. మాగ్మా పలచగా ఉంటే బుడగలు తప్పించుకుపోతాయి. పినటూబోలో మాగ్మా చిక్కన. బుడగలు పోలేక రాయినే పేల్చేశాయి.

ఆ కొండ సుమారు 500 ఏళ్లు నిద్రపోయింది. దాని మీద అయెటా అనే గిరిజనులు బతికేవారు. 1991 ఏప్రిల్ 2న కొండ మీద ఆవిరి పేలింది. ఆ కబురు ముందు తెచ్చింది అయెటాలే. శాస్త్రవేత్తలు వచ్చారు. కొండలోంచి వచ్చే గంధకపు వాయువును విమానంలో తిరుగుతూ కొలిచారు. అగ్గిపుల్ల గీస్తే ముక్కుకు తగిలే ఘాటు లాంటి వాయువు అది. మే 13న రోజుకు 500 టన్నులు వచ్చింది. మే 28న 5,000 టన్నులు దాటింది. మాగ్మా పైకి వస్తోందని తేలిపోయింది.

జూన్ 5న ఆ లెక్క 280 టన్నులకు పడిపోయింది. మనమైతే ఏమనుకుంటాం? గండం గడిచింది అనుకుంటాం. శాస్త్రవేత్తలు అలా అనుకోలేదు. కొండ కింద నేల అదురుతూనే ఉంది. దారి మూసుకుపోయిందేమోనని భయపడ్డారు. ప్రెషర్ కుక్కరుకు విజిల్ రాకపోతే చల్లారిందని కాదు కదా!

ప్రమాదానికి 1 నుంచి 5 వరకు అంకెలు పెట్టారు. జూన్ 5న 3 అన్నారు. 7న 4 అన్నారు. 9న 5 అన్నారు. అంకె పెరిగేకొద్దీ ఊళ్లు ఖాళీ చేయించారు. ఇల్లూ పశువులూ వదిలి రావడం ఎవరికి ఇష్టం? అయినా వేల కుటుంబాలు కదిలాయి.

జూన్ 15న కొండ బద్దలైంది. అదే రోజు తుఫాను కూడా వచ్చింది. కొండ చిమ్మిన బూడిద మన పొయ్యి బూడిద కాదు, రాతి పొడి. వానకు తడిసి బరువెక్కింది. ఇళ్ల కప్పులు కూలాయి. ఆ తరువాత బురద వరదలు వచ్చాయి. శిబిరాల్లో తట్టు సోకి అయెటా పిల్లలు ఎందరో పోయారు. మొత్తం సుమారు 850 మంది చనిపోయారు. ముందే కదలడం వల్ల కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని అంచనా.

ఫిలిప్పీన్స్‌లో తాల్, మయోన్ అనే అగ్నిపర్వతాలు కూడా ఉన్నాయి. వాటి దగ్గర ఇప్పటికీ ఆ వాయువును కొలుస్తున్నారు. ఎన్ని టన్నులు వచ్చిందో జనానికి చెబుతున్నారు.