కృష్ణ ఒడ్డున గద్దలు: ఉన్నదాన్ని ఉన్నట్టు చూసే పాఠం



ఈసారి పాఠానికి పుస్తకం పట్టుకుని కూర్చోనక్కర్లేదు. కృష్ణ ఒడ్డుకు రండి. అమరావతిలో మన మహాచైత్యం వెలిసింది ఈ ఒడ్డునే. పొద్దున్నే వలలు గట్టుకు చేరే చోట నిలబడి పైకి చూడండి. నీళ్ల మీద రెండు రకాల గద్దలు తిరుగుతుంటాయి. ఒకదానికి తల, రొమ్ము తెల్లగా ఉంటాయి, మిగతా ఒళ్లు ఇటుక రంగు, తోక చివర గుండ్రం. రెండోది ఒళ్లంతా మట్టి రంగు, తోక చివర నొక్కినట్టు చీలి ఉంటుంది.

మొదటిదాన్ని మన ఊళ్లలో గరుడ పక్షి అంటారు. కనపడగానే విష్ణువు వాహనమని లెంపలేసుకుంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో దాని పేరు 'బ్రాహ్మినీ కైట్'. మరి మట్టి రంగుదానికి పాత ఇంగ్లీషు పుస్తకాల్లో పెట్టిన పేరేంటో తెలుసా? 'పారియా కైట్'. తమిళనాట అంటరానివాళ్లుగా చూసిన పరయ కులం పేరు నుంచి వచ్చిన మాట అది. ఆకాశంలో ఎగిరే పిట్టకూ కులం అంటగట్టారు!

ఆ పేర్లు పక్కనబెట్టి చూడండి. తెల్ల తలది నీళ్ల మీదికి వాలి కాళ్లతో చేపను ఎత్తుకుపోతుంది. ఒడ్డున పారేసిన చచ్చిన చేపల్నీ తింటుంది. మట్టి రంగుదీ అదే కుప్ప మీద వాలుతుంది. ఒకటి దేవుడి వాహనమూ కాదు, ఇంకోటి అంటరానిదీ కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మొదటిదే బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులను దేవుళ్లుగా నమ్మనని. ఆ ప్రతిజ్ఞ నోటికే కాదు, కంటికి కూడా.

అయితే దండం మానినంత మాత్రాన చూపు శుభ్రపడుతుందా? నా సంగతే చెప్తాను. ఒక జనవరిలో స్నేహితుడి కెమెరా పట్టుకెళ్లాను. ఒడ్డున చింతచెట్టు పైకొమ్మల్లో తెల్ల తల గద్ద గూడు కనపడింది. అది గుడ్లు పెట్టే కాలం. ఒక్క మంచి ఫొటో పడితే చాలనుకుంటూ అడుగులో అడుగు వేసి చెట్టు కిందికి పోయాను. పక్షి లేచి అరుస్తూ చుట్టూ తిరిగింది. రెక్కలు విప్పిన ఫొటో దొరికిందని నాకు సంబరం. పడవలో వల సర్దుకుంటున్న పెద్దాయన కేకేశాడు: "బాబూ, ఎనక్కి రా. నువ్వక్కడుంటే అది గూట్లోకి రాదు. కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి."

ముందు కోపమొచ్చింది. తర్వాత సిగ్గేసింది. రోజూ పంచశీలం చెప్పే నోరే కదా నాది!

అప్పుడు సంయుత్త నికాయంలోని సకుణగ్ఘి సుత్తం గుర్తొచ్చింది. ఒక పూరేడు పిట్ట తన చోటు వదిలి బయటికి పోయి డేగకు చిక్కింది. "నా తండ్రి తాతల చోటులో ఉంటే నీకు చిక్కేదాన్ని కాదు" అని ఏడ్చింది. ఏది నీ చోటు అని అడిగితే, దున్నిన చేలో మట్టిపెళ్లలు అంది. డేగ గర్వంగా వదిలేసింది. పిట్ట పోయి పెద్ద పెళ్ల మీద నిలబడి, ఇప్పుడు రమ్మంది. డేగ దూకగానే పెళ్ల చాటుకు దూరింది. డేగ రొమ్ము పెళ్లకు తగిలి పగిలింది.

ఇక్కడ మీకు అనుమానం రావాలి. "మీ హద్దులో మీరుండండి" అనే మాటే కదా మనల్ని తరతరాలు ఊరి బయట ఉంచింది? బుద్ధుడు చెప్పిన చోటు అది కాదు. అదేమిటో ఆ సుత్తంలోనే చెప్పాడు: కాయం, వేదన, చిత్తం, ధమ్మాలు, ఈ నాలుగింటి మీద ఎరుక. క్షవరం చేసే ఉపాలి, వాడిన పూలు ఊడ్చే సునీతుడు సంఘంలో చేరి దున్నింది ఈ చేనే. దీనికి ఏ కరణమూ పట్టా రాయక్కర్లేదు. అలాగని నిజమైన భూమి కోసం పోరాటం మానమని కాదు. ఈ చేను చేతిలో ఉన్నవాడు ఆ పోరాటంలో ఆశకూ, కోపానికీ చిక్కడు.

చెట్టు కింద నన్ను పట్టుకున్న డేగ ఆశ. నా చోటు వదిలి నేనే దానికి చిక్కాను.

ఈ ఆదివారం మీరూ పిల్లల్ని తీసుకుని ఏటి ఒడ్డుకు వెళ్లండి. ఫోన్ పది నిమిషాలు జేబులోనే ఉంచండి. ఊపిరి, మెడ నొప్పి, కాళ్ల కింది తడి గమనించండి: ఇది కాయం. గద్ద దూకితే కలిగే సంతోషం, తప్పిపోతే కలిగే వెలితి చూడండి: ఇది వేదన. ఫొటో కావాలన్న ఆరాటం లేచినప్పుడు "ఆశ లేచింది" అని తెలుసుకోండి: ఇది చిత్తం. ఆ ఆశ దేనివల్ల పుట్టిందో, ఎలా తగ్గిందో చూడండి: ఇది ధమ్మం. ఆ తర్వాత ఫొటో తీసుకోండి, తప్పులేదు. గూడు ఉన్న చెట్టు దగ్గరికి మాత్రం పోవద్దు. ఫొటో కోసం మాంసం ముక్కలు ఎర వేయొద్దు. పక్షి లేచి అరిచిందంటే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం, వెనక్కి నడవండి.

ఆ రోజు నేను తీసిన ఫొటో బాగానే వచ్చింది. ఎవరికీ చూపించలేదు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.