పరస్పర బంధక కాంక్రీటు రాళ్లు: సంఘ ప్రాంగణమునకు వాని యుపయోగము



పంట పండించుట యొక యెత్తు. పండినదానిని చెడకుండ అమ్మకమునకు చేర్చుట మఱియొక యెత్తు. కోతలనాడు సహకార సంఘపు కొనుగోలు కేంద్రమునకు ట్రాక్టరులును, లారీలును వరుసగా వచ్చును. అకాలవర్ష మొక్కటి కురిసినచో ప్రాంగణమంతయు బురదయగును; చక్రములు దిగబడును; బస్తాల యడుగులు తడియును. ధాన్యమున తేమ నూటికి 17 పాళ్లు మించినచో ప్రభుత్వపు కొనుగోలు నిబంధనకు లోబడదు. కావున సంఘపు నేల యెట్టిదను ప్రశ్న రైతు చేతికి వచ్చు ధరకు సంబంధించిన ప్రశ్నయే. ఆ నేలకు తగిన సాధనములలో నొకదానిని ఈ పాఠమున వివరింతుము.

హైదరాబాదు నగరమునకు పనిమీద పోయినవారు శ్రీనగర్ కాలనీ, జూబిలీ హిల్సు, ఫిలింనగరు వంటి పేటల కాలిబాటలయందును, ఇండ్ల ముంగిళ్లయందును ఎఱ్ఱగాను, బూడిదవన్నెగాను ఒకదానితో నొకటి కుదురుకొనియున్న చిన్న కాంక్రీటు రాళ్లను చూచియుందురు. వీనిని జనులు పేవరు బ్లాకులనియు, ఇంటర్‌లాకింగు టైల్సనియు పిలుచుచున్నారు.

వీని చరిత్రము

రాళ్లు పఱచి బాట వేయు విద్య క్రొత్తది కాదు. రోమనులు క్రీ.పూ. 312లోనే అప్పియా మార్గమును ప్రారంభించిరి. మన సీమలో తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండలు తరతరములుగా ఇంటి నేలలకు వాడుకలో నున్నవి. 1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనునతడు పోర్ట్‌లండు సిమెంటునకు పేటెంటు పొందెను. దానివలన రాతిని గనినుండి తీయుటయే గాక, అచ్చులో పోసి చేయుటయు సాధ్యమయ్యెను.

హాలండు దేశమున వీథులకు కాల్చిన యిటుకలు పఱచు నాచారము గలదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము కూలిన యిండ్లను మరల కట్టుకొనుటకు ఇటుకలు చాలకపోగా, వీథులకు కాంక్రీటు దిమ్మెలను వాడసాగిరి. 1960 తరువాత జర్మనీయందు పళ్లు గల యచ్చులు వ్యాపించెను. మన దేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2004లో వీనిని పఱచు విధానమును ప్రకటించెను; 2006లో ఐ.ఎస్. 15658 అను ప్రమాణము వెలువడెను.

ఇవి బరువు నెట్లు మోయును?

ఒక రాయి ఒంటరిగా లారీ చక్రమును మోయజాలదు. రాళ్ల నడుమ 2 మొదలు 4 మిల్లీమీటరుల సందు విడిచి, దానిని సన్నని యిసుకతో నింపుదురు. చక్రము ఒక రాతిని నొక్కినపుడు, ఆ యిసుక రాపిడివలన బరువు చుట్టుప్రక్కల రాళ్లకు పంచబడును. సందులయందలి యిసుక పోయినచో ఆ బంధము సడలును. సహకారమునకు ఇంతకంటె చక్కని దృష్టాంతము వెదకనక్కఱలేదు!

ఎట్టివి కొనవలెను?

నడకదారులకు 50 మిల్లీమీటరుల మందము చాలును. కార్లు మాత్రము తిరుగుచోట 60, ఊరి వీథులకు 80, మార్కెట్టు ప్రాంగణములకును ఉబ్బెడి నల్లరేగడి నేలలకును 100 మిల్లీమీటరులు తగును. ధాన్యపు లారీలు వచ్చుచోట 50, 60 మందపు రాళ్లు చవుకయని కొనుట వృథావ్యయము.

200 మిల్లీమీటరుల పొడవు, 100 వెడల్పు గల రాళ్లు చదరపు మీటరునకు 50 పట్టును. 20 మీటరుల పొడవు, 10 మీటరుల వెడల్పు గల ప్రాంగణమునకు 10,000 రాళ్లు కావలెను. 80 మందపు రాయి సుమారు 3.8 కిలోలు తూగును. అనగా మొత్తము 38 టన్నులు. కావున రాతి ధరతోపాటు కిరాయినిగూడ లెక్కించి, సమీపమున తయారగువానినే విచారింపవలెను.

సరకు దింపుకొనుటకు ముందు పరీక్ష చేయుడు. బాగుగా ఎండిన రాతిని తూచి, ఒకదినము నీట నానవేసి, పైతడి తుడిచి మరల తూచవలెను. పెరిగిన బరువు నూటికి 6 పాళ్లు, అనగా ఇట్టి రాతికి సుమారు 230 గ్రాములు, మించినచో అనుమానింపదగినది. కాంక్రీటు పూర్తిబలమును 28 దినములకు లెక్కింతురు గనుక, పోసిన తేదీని అడిగి తెలిసికొనవలెను.

పఱచు విధము

మొదట మెత్తని మన్ను తీసివేసి, మొరమును, కంకరను పొరలు పొరలుగా వేసి రోలరుతో గట్టిపఱుపవలెను. అంచులకు కాంక్రీటులో నిలిపిన యంచురాళ్లు ఉండవలెను. లేనిచో రాళ్లు వెలుపలికి జరుగును. నీరు పోవుటకు నూఱడుగులకు రెండడుగుల వాలు ఉంచవలెను. అటుపై 20 మొదలు 40 మిల్లీమీటరుల యిసుక పఱచి, రాళ్లను చేపముల్లు వరుసలో పేర్చవలెను. చక్రముల త్రోపిడికి ఈ వరుసయే మిక్కిలి నిలుచును. పిమ్మట అదురుయంత్రముతో అదిమి, సందులలో పొడియిసుక నింపి, మరల అదమవలెను. గుంటలు పడుటకు తఱచుగా రాయి కారణము కాదు. అడుగునేల సరిగా గట్టిపడకపోవుటయే కారణము.

గుణదోషములు

నీటి గొట్టము వేయవలసివచ్చినను, నల్లరేగడి కుంగినను, ఆ మేరకు రాళ్లనెత్తి, అడుగు సరిచేసి, ఆ రాళ్లనే మరల పఱుపవచ్చును. ఏకముగా పోసిన కాంక్రీటు నేలకు ఈ సౌలభ్యము లేదు. అయినను వీనిపై నేరుగా ధాన్యము పోయరాదు. గింజలు సందులలో పడును, ఇసుక గింజలలో కలియును. కళ్లమునకు నున్నని కాంక్రీటు నేలయే మేలు. బండ్లు తిరుగుచోటికి ఈ రాళ్లు, ధాన్యము ఆరుచోటికి ఆ నేల: ఈ విభాగమును మహాజనసభలోనే నిశ్చయించుకొనుట యుక్తము.

ఒక్కొక్క రైతు తన ముంగిలికి విడివిడిగా కొనుటకంటె, సంఘముద్వారా అందఱును కలిసి బేరమాడినచో ధరయు, కిరాయియు తగ్గును. పరీక్షయు సక్రమముగా జరుగును. వర్షము మన చేతిలో లేదు. వర్షమునకు తాళు నేలను సిద్ధపఱచుకొనుట మన చేతిలోనిదే.