కుళాయి కట్టగానే గోడ మోగితే

పోలవరం

చి.ల.సౌ. సుజాతకు,

రాజమండ్రిలో మీరు కొత్తగా వేసిన మేడ మీద వాటాలో కుళాయి కట్టినప్పుడల్లా గోడలో ధన్‌మంటోందని, బాత్‌రూం టైల్స్ పగలగొట్టాలని ప్లంబరు అంటున్నాడని చెప్పావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. ఇప్పుడే ఏదీ పగలగొట్టించకండి. ముందు ఆ చప్పుడు ఏ వేళ వస్తోందో కనిపెట్టండి.

కుళాయి కట్టిన క్షణంలోనే మోగితే అది నీటి దెబ్బ (వాటర్ హామర్). వాషింగ్ మెషిన్ నీళ్ళు పట్టడం ఆపగానే మోగినా అదే. మోటారు ఆపినప్పుడు మాత్రమే వస్తే, పైకెక్కే నీరు వెనక్కి జారి ఎన్నార్వీని, అంటే నీటిని వెనక్కి పోనివ్వని వాల్వును, ఒక్క విసురుతో మూసేస్తోందన్న మాట. కుళాయి విప్పి ఉంచినంతసేపూ బుర్రుమంటే లోపల వాషరు వదులైంది. ట్యాంకు ఖాళీ అయి నిండాక నీళ్ళు ఆగి ఆగి చిమ్మితే లైన్లో గాలి చేరింది. ఎవరూ నీళ్ళు వాడనప్పుడు టిక్కు టిక్కుమంటే సోలార్ హీటరు పైపు వేడికి సాగుతోంది.

మీది మొదటి రకం లాగే ఉంది. అంగుళం పైపు 20 మీటర్లుంటే అందులో దాదాపు 10 కిలోల నీరుంటుంది. అది పరుగులో ఉండగా ఠక్కున దారి మూస్తే ఆ ఊపంతా ఒత్తిడిగా మారి పైపులో ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. క్లాంపు వదులైన చోట పైపు గోడకు తగిలి మోగుతుంది. 1897-98లో మాస్కో నీటి గొట్టాల మీద నికొలాయ్ జుకోవ్‌స్కీ ప్రయోగాలు చేసి దీని లెక్క తేల్చాడు. సెకనుకు మీటరు వేగంతో వచ్చే నీటిని ఒక్కసారిగా ఆపితే, జీఐ ఇనుప పైపులో సుమారు 130 మీటర్ల ఎత్తున ట్యాంకు పెట్టినంత ఒత్తిడి లేస్తుంది. మీ సీపీవీసీ ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది గనక అందులో సగం కన్నా తక్కువే. వేగం సగమైతే దెబ్బా సగమే.

కాబట్టి ఖర్చులేని పని ముందు చెయ్యి. ట్యాంకు దగ్గర గేట్ వాల్వు కొంచెం బిగించి చూడు. చప్పుడు తగ్గితే జబ్బు తెలిసిపోయినట్టే. ప్రెజర్ పంపు పెట్టించారు కదా, దాని ఒత్తిడి తగ్గించమను. పాత కుళాయిలు నాలుగు చుట్లు తిప్పితేగాని మూసుకునేవి కావు. ఇప్పటివి పావు చుట్టుకే మూసుకుంటాయి. పిల్లలకు నెమ్మదిగా కట్టడం నేర్పు. మెషిన్‌కు నేర్పలేం కాబట్టి దాని కుళాయికీ గొట్టానికీ మధ్య ఈ దెబ్బను మింగేసే వాటర్ హామర్ అరెస్టర్ బిగించాలి. దాని బదులు మూత వేసిన పైపు ముక్క నిలబెడతానని ప్లంబరు అనొచ్చు. అదీ పనిచేస్తుంది గాని, అందులోని గాలి మెల్లమెల్లగా నీటిలో కరిగిపోతుంది. అప్పుడప్పుడు లైను ఖాళీ చేసి మళ్ళీ గాలి నింపాలి. బయటికి కనబడే పైపులకు రబ్బరున్న క్లాంపులు వేయించు. వేడినీళ్ళ పైపుకు మాత్రం సాగడానికి సందు వదలాలి.

మన పట్టిసీమ ఎత్తిపోతలను 24 మోటార్లతో 8,500 క్యూసెక్కులు తోడేలా కట్టారు. అంత నీరు పరుగెడుతుండగా కరెంటు పోతే ఎంత ఊపు తిరగబడుతుందో ఊహించుకో. అందుకే పెద్ద పంపుల లైన్లకు గాలి వాల్వులు, నిదానంగా మూసుకునే వాల్వులు పెడతారు. మీ ఇంటికీ అదే సూత్రం: నీటిని ఆపేటప్పుడు దానికి కాస్త వ్యవధి ఇవ్వాలి.

చిన్న చప్పుడే కదా అని వదిలెయ్యకు. రోజూ దెబ్బ తగిలితే ఎల్బోల అతుకులు వదులై గోడలో చెమ్మ దిగుతుంది. ఇవన్నీ చేశాకా తగ్గకపోతే, గట్టిగా వినబడే చోట ఒక్క టైలు తీయించండి. మొత్తం గోడ వద్దు. ఈ ఆదివారం గేట్ వాల్వు సంగతి చూసి అల్లుడుగారిని నాకు ఫోను చెయ్యమను.

ఇట్లు,
మీ మావయ్య