పసిపిల్లల చదువు - అక్షరమూ, ధ్వనీ

పసిపిల్లలకు అక్షరాలు నేర్పడం ఏం పెద్ద విద్యా, దానికొక వ్యాసమెందుకని మిత్రులు కొందరు నన్నడిగారు. మన కాలేజీలో చదివేవాళ్ళలో చాలామందిమి రేపు ఏదో ఒక ట్రైనింగు చేసి, డి.ఎస్.సి. రాసి బడిపంతుళ్ళం కావలసినవాళ్ళమే. కాకపోయినా ఇంట్లో పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొని పలక పట్టించక తప్పదు. అందుకే ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నన్నీ ఆలోచనలో పడేసింది మా అక్క కూతురు. ఐదేండ్ల పిల్ల. ఒక కాన్వెంటులో యు.కె.జి. చదువుతూ వుండింది. క గుణింతం ఎత్తుకుందంటే ఊపిరి తిప్పుకోకుండా చివరిదాకా పోయేది. చదువురాని మా అమ్మ అది విని మురిసిపోయేది. ఒకసారి పెండ్లికి పోయి వస్తూ మైదుకూరు బస్టాండులో నిలబడి వున్నాం. "పాపా, ఆ బస్సు యాడికి పోతాదో చూడు" అంది మా అమ్మ. బోర్డు మీద 'కడప' అని వుంది. పిల్ల కండ్లు బోర్డు మీదనే వున్నాయి, పెదవులు మాత్రం ఆడుతున్నాయి. మొదటి అక్షరం 'క' అని చెప్పింది. రెండోదానికి 'ట ఠ డ' అని వరుస ఎత్తుకుంది. మూడోదానికి 'త థ ద ధ న' అంతా దాటి రావాల్సి వచ్చింది. ఆమె 'ప' దగ్గరికి చేరేలోపల బస్సు కదిలిపోయింది. మళ్ళా బస్సు ముప్పావు గంటకు గాని రాలేదు.

ఆ పిల్లకు తెలివి తక్కువ కాదు. ఆమెకు వచ్చింది పాట. పాటలో ఒక ముక్క తర్వాత ఇంకొకటి దానంతటదే నోటికి వస్తుంది. కంటికి ఏ పనీ వుండదు. మీరూ పరీక్ష చేసి చూడండి. గుణింతం గడగడా చెప్పే పిల్లవాడికి 'కూ' ఒక్కటే రాసి చూపిస్తే, 'క కా కి కీ' అని లోపల లెక్క పెట్టుకొని వస్తాడు. అట్లాంటివాడికి అక్షరం ఇంకా రాలేదనే అనుకోవాలి.

ఇంగ్లీషు పిల్లలకు ఇప్పుడు 'ఫోనిక్స్' అనే పద్ధతిలో చెపుతున్నారు. అక్షరం పేరు గాకుండా దాని ధ్వనిని ముందు నేర్పడం అందులోని సారం. 'సీ, ఏ, టీ' అని పేర్లు ఎంత వేగంగా చెప్పినా 'క్యాట్' అనే మాట రాదు. 26 అక్షరాలతో 44 దాకా ధ్వనులు రాసుకోవలసిన భాష అది. పాపం, వాళ్ళ కష్టం వాళ్ళది. మన ఊరి పేరే చూడండి. 2005లో స్పెల్లింగు మార్చేదాకా ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలతో, రెండు 'డీ'లతో, చివర పలకని 'హెచ్'తో రాసేవాళ్ళు. తెలుగులో క, డ, ప - మూడే. గుణింతం లేదు, వత్తు లేదు. చూసింది చూసినట్లు పలికితే ఊరొస్తుంది.

తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని. అంటే ఫోనిక్స్ మనకు కొత్తగా తెచ్చుకోవలసిన సరుకు కాదు. 'క'కు గుడిస్తే 'కి' అనే మాటలో ధ్వనికీ, గుర్తుకూ వున్న సంబంధమంతా ఇమిడి వుంది. దాన్ని విప్పి చూపకుండా పాటగా మార్చుకోవడమే మనం చేసిన పొరబాటు. అయితే మన కష్టం మనకూ వుంది. హల్లులూ గుణింతాలూ కలిపితేనే నాలుగు వందలు దాటుతాయి. ఆపైన వత్తులు. మన లిపికి తోబుట్టువైన కన్నడం చదివే పిల్లలను పరిశీలించి సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా కూడా పడుతుందని చూపింది. యు.కె.జి.లోనే అన్నీ రావాలని పిల్లలను బాదేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

మన సీమలో పూర్వం ఎట్లా నేర్పేవారు? మద్రాసు గవర్నరు మన్రో 1822లో జిల్లాల బడుల వివరాలు పంపమన్నప్పుడు, బళ్ళారి కలెక్టరు ఎ.డి.క్యాంబెల్ 1823 ఆగస్టులో సుదీర్ఘమైన జవాబు రాశాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోదే. 533 బడులు, 6,641 మంది పిల్లలు; వాళ్ళలో ఆడపిల్లలు 60 మందే. బడిలో చేరిన పిల్లవాడు ముందుగా ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకుంటాడనీ, ఐరోపాలో మాదిరి ఊరికే నోటితో వల్లించి కాదనీ ఆయన ప్రత్యేకించి చెప్పాడు. వేలు తిరిగిన తర్వాతనే తాటాకూ, గంటమూ. ఐతే అదే ఉత్తరంలో ఇంకో మాటా వుంది: పద్యాలు చిలక మాదిరి అప్పజెపుతారు గాని అర్థం తెలియదని. రెండూ మన సొత్తే. ఇసుకను వదిలేసి చిలకను దాచుకున్నాం.

ఆ ఇసుక సముద్రం కూడా దాటింది. మద్రాసులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ, మన వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చు వేశాడు. ఇటలీలో మరియా మాంటిసోరి తన సొంత ఆలోచనతో గరుకు కాగితం అక్షరాలు చేయించి, పిల్లల చేత వేలితో దిద్దిస్తూ ధ్వని పలికించింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. చేయి, కన్ను, చెవి మూడూ ఒక్కసారి పనిచేస్తేనే అక్షరం నిలుస్తుందని ఇద్దరి అనుభవమూ చెపుతోంది.

ఆ వేసవిలో నేను చేసింది కూడా అంతే. పళ్ళెంలో సన్నటి ఇసుక పోసి, అ నుంచి కాకుండా క, డ, ప లతో మొదలుపెట్టినాను. రాస్తూ పలకడం, పలుకుతూ రాయడం. మూడు అక్షరాలకే 'కడప', 'పడక' వచ్చినాయి. 'గ' చేరితే 'గడప'. 'ల' చేరితే 'కల', 'పలక'. 'త' చేరితే 'తల'. ప్రతి అక్షరమూ మాటలోకి పోతుంది గనుక పిల్లకు విసుగు లేదు. వాచకాల్లో ఋషి, ఐరావతం ఎప్పుడొస్తాయో గాని, మా ఇంట్లో అవి రావు. ఏటిలో ఇసుక తప్ప నీళ్ళు చూడని పిల్లలకు 'ఓడ' బొమ్మ చూపి ఓ నేర్పడమూ ఒక తమాషాయే.

వత్తులను చివరికి నెట్టడం నాకు నచ్చలేదు. పిల్ల నోట మొదట వచ్చే మాటలే అమ్మ, అబ్బ, అవ్వ, అక్క, అన్న, అత్త. ఇంటినిండా వత్తులే! వీటిలో అబ్బ, అవ్వ, అక్క ముందు చెప్పినాను. వాటి వత్తులు అసలు అక్షరానికి దగ్గరగా వుంటాయి. మ, న, త వత్తుల పోలిక వేరు, అందుకని అవి తర్వాత.

చెవి సాయం చేయని చోట్లు కూడా కొన్ని వున్నాయి. 'చాప'లో చ వేరు, 'చిలక'లో చ వేరు, రాసేది ఒక్కటే. 1820లో మన కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి.బ్రౌన్ తన నిఘంటువులో ఈ తేడాను గుర్తు పెట్టి చూపాడు గాని, వాచకాలు పట్టించుకోవు. పిల్లలు నోటి అలవాటుతో సరిగ్గానే పలుకుతారు. మనం కదిలించకుంటే చాలు. వత్తక్షరాల సంగతి వేరు. మన ఇండ్లలో క కూ ఖ కూ పలకడంలో తేడా ఎవరు చూపుతారు? ఎంత చెప్పినా మా పిల్లకు చిక్కలేదు. చివరికి పక్కింటి ఉర్దూ పిల్లవాడు, ఆమె ఈడువాడే, 'ఖానా', 'ఘర్', 'భాయి' అని చెప్పి చూపినాడు. వాడికి అవి ఇంటి ధ్వనులు. ఆ పూట వాడే పంతులు.

పుస్తకంలో 'వచ్చాడు' అని వుంటే పిల్ల 'వచ్చినాడు' అని చదువుతుంది. 'ఎక్కడ' అంటే 'యాడ' అంటుంది. చాలామంది టీచర్లు ఇక్కడ బెత్తం తీస్తారు. నేనైతే సంతోషిస్తాను. కన్ను చూసినదాన్ని బుర్ర అర్థం చేసుకొని తన మాటలో చెప్పిందన్నమాట. అక్షరం మీద వేలు పెట్టి ఇంకోసారి చూడమంటే చాలు, తనే సర్దుకుంటుంది. ఇక రాత విషయం. వేళ్ళు గట్టిపడని పిల్లల చేత సన్నగీతల నోటుబుక్కుల్లో పేజీలు పేజీలు రాయించడం మాత్రం అన్యాయం. ఇసుక, నేలమీద సుద్దముక్క, ఆ తర్వాత పలక - ఈ వరుసలో వస్తే అక్షరాలు వాటంతటవే చిన్నవవుతాయి.

మొన్న దసరా సెలవుల్లో కడప బస్టాండులో మళ్ళా ముగ్గురమూ నిలబడినాం. "యాడికి పోతాది పాపా?" అని మా అమ్మ అడిగింది. ఈసారి బోర్డు కష్టమైనది: ప్రొద్దుటూరు. పిల్ల మొదటి అక్షరం దగ్గర చాలాసేపు తంటాలు పడి, దాన్ని వదిలేసి, "ద్దు... టూ... రు" అని చదివి, ఒక్క క్షణం ఆగి, "పొద్దుటూరు అవ్వా!" అని అరిచింది. క్రావడి ఎగిరిపోయింది.

"మనం కూడా అట్లే అంటాం గదా, ఎక్కు" అంది మా అమ్మ.