ఇంట్లో వడ్రంగానికి గది: మేడ మీదా, కిందా?

ప్రశ్న: మణికొండలో మాది సొంత ఇల్లు. సెలవు రోజుల్లో చెక్క సామాన్లు చేసుకోవాలని ఉంది. మేడ మీద రేకుల షెడ్డు వేయించాలా, కింద ఖాళీగా ఉన్న షట్టరు గది వాడుకోవాలా?

జవాబు: కింది గదే మేలు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుండే ప్లైవుడ్ షీటును మెట్ల మలుపుల్లో ఎక్కించడం చాలా కష్టం. రేకుల కింద ఎండాకాలం నిలబడలేరు. వానాకాలం చెమ్మకు కలప ఉబ్బుతుంది, పనిముట్లు తుప్పు పడతాయి. పైన యంత్రం తిరిగితే ఆ అదురు శ్లాబు గుండా కింది గదులకూ తెలుస్తుంది.

గది పొడవును కోయబోయే చెక్కను బట్టి చూసుకోండి. నిండు షీటు కోయాలంటే రంపం బల్లకు ముందూ వెనకా ఎనిమిదేసి అడుగులు ఖాళీ ఉండాలి. అంత చోటు లేకపోతే బల్లకు చక్రాలు పెట్టించి, షట్టరు వైపు తిప్పుకోండి.

కరెంటుకు బోర్డు నుంచి విడిగా లైను లాగించండి. మంచి ఎర్తింగు, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ తప్పనిసరి.

చెక్క పొడిని తేలిగ్గా తీసుకోవద్దు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని క్యాన్సర్ కారకంగా 1995లోనే ప్రకటించింది. పొడిని పుట్టినచోటే పీల్చే యంత్రం పెట్టుకోండి, ఎన్95 మాస్కు వేసుకోండి.

శబ్దం సంగతీ ముఖ్యమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. రంపం, రందా యంత్రాలు దీన్ని సులువుగా దాటేస్తాయి. అందుకే ముందుగా ఇరుగుపొరుగుతో మాట్లాడి వేళలు ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే యంత్రాలు కొనండి.