పని పంచుకునే పద్ధతి – నయాపూల్ చెప్పే పాఠం



ఈసారి గోడపత్రికలో "పది మంది కలిసి ఒక పని ఎట్లా చేయాలె" అనే విషయం రాస్తున్నాను. ఇది పరీక్షలో రాదు. కానీ హాస్టల్‌లో రోజూ వస్తది.

పని ఎందుకు ఆగిపోతుంది?

చాలా మంది బద్ధకం వల్ల అంటారు. నేను చూసింది వేరే. ఇంతకుముందు నేను చదివిన ఒక హాస్టల్‌లో ఏడో తరగతి అమ్మాయికి రాత్రి చలిజ్వరం వచ్చింది. గదిలో ఇరవై మంది ఉన్నరు. అందరూ మేల్కొన్నరు. ఒకరు దుప్పటి కప్పిన్రు, ఒకరు నీళ్లు ఇచ్చిన్రు. కానీ పెద్దవాళ్లకు ఎవరూ చెప్పలేదు. "ఎవరో చెప్పి ఉంటారు" అని ప్రతి ఒక్కరూ అనుకున్నరు. తెల్లారినాక తెలిసింది. ఆ అమ్మాయిని దవాఖానకు తీసుకుపోయిన్రు, తర్వాత వాళ్ల నాయన వచ్చి ఇంటికి తీసుకుపోయిండు. ఆమె మళ్లీ బడికి రాలేదు.

ఆ గదిలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అందరి పని అంటే ఎవరి పనీ కాదు, అంతే.

ఊరిలో ఎట్లా జరుగుతుంది?

మా గోండుల ఊర్లో దీపావళి రోజుల్లో దండారి జరుగుతుంది. వేరే ఊరి జట్టు వస్తే వాళ్లకు అన్నం, నీళ్లు, పడుకునే చోటు మనమే చూడాలె. మా అమ్మకు చదువు రాదు. ఏ కాగితమూ లేదు. అయినా ఏ పనీ తప్పిపోదు. ఎందుకంటే ఏ ఇంటివాళ్లు ఏం చేయాలో పెద్దలు చెప్తరు, పిల్లలు చిన్నప్పటి నుంచి చూస్తరు. హాస్టల్‌లో అట్లా కాదు. మనం ఎన్నో ఊర్ల నుంచి వచ్చినం. గోండీ, కొలామీ, లంబాడీ, తెలుగు మాట్లాడతం. ప్రతి ఏడాది పదో తరగతి అక్కలు వెళ్లిపోతరు, వాళ్లతో పాటు పని తెలివి కూడా వెళ్లిపోతది. కాబట్టి ఇక్కడ రాయడం అవసరం.

నయాపూల్ కథ

హైదరాబాద్ టూర్‌కు పోయినప్పుడు మేము నయాపూల్ మీద నుంచి మూసీ నది చూసినం. నయాపూల్ అంటే కొత్త వంతెన. ఒక పక్క హైకోర్టు భవనం, ఇంకో పక్క ఉస్మానియా ఆసుపత్రి ఉన్నయి.

1908 సెప్టెంబర్ 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. సుమారు 15,000 మంది చనిపోయిన్రని అంటారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న చోట ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికిన్రు.

తర్వాత ఏడాది, 1909లో, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిచింది. ఆయన రాగానే గోడలు కట్టించలేదు. ముందు కొలతలు తీయించిన్రు. వాన ఎంత పడింది? నీళ్లు ఎక్కడి నుంచి వచ్చినయి? నది పైభాగంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయినయని తేలింది. అంటే నష్టం పట్నంలో జరిగినా, కారణం పైన ఉంది.

అప్పుడు పనిని ముక్కలు చేసిన్రు.
1. పట్నానికి పైన నీళ్లు ఆపే రెండు పెద్ద జలాశయాలు.
2. పట్నంలో నది ఒడ్డులు ఎత్తు చేసి బాగు చేయడం.
3. మురుగునీటి కాలువలు.

ఏ పని మీద ఏ పని ఆధారపడిందో చూడండి. పైన నీళ్లు ఆపకుండా కింద ఎంత అందంగా కట్టినా, మళ్లీ వరద వస్తే కొట్టుకుపోతది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. విశ్వేశ్వరయ్య గారు 1909లోనే మైసూరుకు వెళ్లిపోయిన్రు. 1911లో ఆరో నిజాం చనిపోయిన్రు. అయినా పని ఆగలేదు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసా నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినయి. మనుషులు మారినా పని నడిచింది, ఎందుకంటే అది ఒకరి తలలో లేదు, కాగితం మీద ఉంది.

వేరే దేశాల పద్ధతులు

అమెరికాలో హెన్రీ గాంట్ అనే ఇంజినీరు 1910ల్లో పట్టికలు వాడిండు. ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగియాలో అడ్డగీతలతో చూపిస్తరు. జపాన్‌లో టయోటా కార్ల కంపెనీలో తయిచీ ఓనో గారు కన్‌బన్ పద్ధతి తెచ్చిన్రు. కన్‌బన్ అంటే పేరు రాసిన పలక. చీటీ వస్తేనే ముందువాళ్లు సామాను తయారు చేసి పంపాలె. ఇప్పుడు ఆఫీసుల్లో కంప్యూటర్ మీద ఇట్లాంటి బోర్డులే పెడుతున్నరు. మనకు కంప్యూటర్ అక్కర లేదు. పాత క్యాలెండర్ వెనుక పక్క, దారం, చీటీలు చాలు.

మనం చేయగలిగింది

చార్టు మీద మూడు గళ్లు గీయాలె: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో చీటీ మీద నాలుగు సంగతులు రాయాలె.
1. పని ఏమిటి?
2. ఎవరిది? (ఒక్క పేరే, "అందరం" అని రాయొద్దు.)
3. ఎప్పటిలోపు?
4. ఆమె లేకపోతే ఎవరు?

నాలుగోది మరిచిపోవద్దు. ఆమెకే జ్వరం రావచ్చు, ఆమె పండుగకు ఊరికి పోవచ్చు. ఒక్కరి పేరు మీద ఒకేసారి రెండు చీటీల కంటే ఎక్కువ ఉండొద్దు. బాగా చేసే అమ్మాయికే అన్ని పనులు ఇస్తే ఆమె చదువు పాడైతది. ఇది న్యాయం కాదు. చదవడం ఇంకా సరిగ్గా రాని చిన్న తరగతుల చెల్లెండ్ల కోసం చీటీ మీద బొమ్మ కూడా వేయాలె: నీళ్లకు బిందె, ఊడ్చడానికి చీపురు.

బోర్డు తిట్టడానికి కాదు. చీటీ కదలకపోతే "ఎందుకు చేయలేదు?" అని కాకుండా "ఏం అడ్డం వచ్చింది?" అని అడగాలె. ఒక్కోసారి బకెట్ పగిలి ఉంటది, ఒక్కోసారి నల్లా రాదు.

వార్డెన్ మేడమ్‌గారికి మనవి

మొదటి చీటీ రాత్రి జ్వరం గురించి పెడదాం మేడమ్. ప్రతి గదికి ఒక పేరు, రెండో పేరు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆ అమ్మాయే వచ్చి మీ తలుపు కొడుతుంది. అది ఏ టైమైనా సరే, ఆమెను కోప్పడొద్దని కోరుతున్నాను. మెస్ తలుపు పక్కన గోడ ఖాళీగా ఉంది. మీరు ఒప్పుకుంటే ఈ ఆదివారం స్టడీ అవర్ అయినాక చార్టు గీస్తాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని