39 చిన్నదా? 102 పెద్దదా?

పోయిన వానాకాలంలో ఒక రాత్రి జరిగిన సంగతి ఇది. నా పక్క మంచం మీద పండే ఆరో తరగతి తమ్ముడు చలి చలి అని వణుకుతున్నాడు. నేను మందుల పెట్టెలోంచి కొత్త థర్మామీటరు తీసి వాడి చంకలో పెట్టాను. అది 39 చూపించింది. మా తండాలో జరం అంటే 100, 102 అనే విన్నాను. "39 అంటే జరమే లేదురా, పండుకో" అని దుప్పటి కప్పాను.

తెల్లారి వార్డెన్ సారు వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, వెంటనే ఎల్లారెడ్డి దవాఖానకు తీసుకుపోయారు. నేనూ వెంట పోయాను. అక్కడ సిస్టరమ్మ గాజు థర్మామీటరు పెట్టి "102 ఉంది. రాత్రే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. తమ్ముడు నాలుగు రోజులకు కోలుకున్నాడు. కాని ఆ రాత్రి వాడు పడ్డ బాధకు నా తెలియనితనమే కారణం. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

39, 102 రెండూ ఒకే జరం! కొలమానాలే వేరు.

ఫారన్‌హీట్: 1724లో డేనియల్ ఫారన్‌హీట్ తన కొలమానాన్ని ప్రకటించాడు. ఇందులో నీరు 32 దగ్గర గడ్డకడుతుంది, 212 దగ్గర మరుగుతుంది. నడుమ 180 భాగాలు.

సెల్సియస్: 1742లో స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ చెప్పింది. మొదట ఆయన మరిగే నీటికి 0, మంచుకు 100 పెట్టాడు! తర్వాత దాన్ని తిరగేశారు. నడుమ 100 భాగాలు. పెద్దలు సెంటీగ్రేడ్ అనేది దీన్నే. 1948లో సెల్సియస్ అని పేరు మార్చారు.

కెల్విన్: ఇది శాస్త్రవేత్తలది. 0 కెల్విన్ కంటే చల్లన ఉండదు. సెల్సియస్‌కు 273.15 కలిపితే కెల్విన్ వస్తుంది.

180కి 100కి ఉన్న లెక్క 9కి 5. కాబట్టి:
ఫారన్‌హీట్ = (సెల్సియస్ × 9 ÷ 5) + 32

నోటి లెక్క ఇంకా సులువు. సెల్సియస్‌ను రెట్టింపు చెయ్యి, అందులో పదో వంతు తీసెయ్యి, 32 కలుపు.
39 రెట్టింపు 78. పదో వంతు 7.8 తీస్తే 70.2. 32 కలిపితే 102.2.

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో కామారెడ్డి బస్టాండు దగ్గర టీవీలో ఎండ 44 డిగ్రీలని చెప్పారు. మా యాడి "జరం 102 అయితే, ఎండ కంటే జరమే ఎక్కువనా?" అని అడిగింది. నేను లెక్క చేసి చెప్పాను: 44 సెల్సియస్ అంటే 111.2 ఫారన్‌హీట్. ఎండే ఎక్కువ! మన వాతావరణ శాఖ 1957లోనే సెల్సియస్‌కు మారింది. కాని జరం మాట వచ్చేసరికి మనవాళ్ళ నోట ఇప్పటికీ ఫారన్‌హీటే.

గుర్తు పెట్టుకోండి:
మామూలు ఒళ్ళు: సుమారు 37 సెల్సియస్ = 98.6 ఫారన్‌హీట్
38 సెల్సియస్ = 100.4 ఫారన్‌హీట్ (జరం. సారుకు చెప్పాలి)
40 సెల్సియస్ = 104 ఫారన్‌హీట్ (దవాఖానకు ఉరకాలి)

వార్డెన్ సార్లకు ఒక మనవి: జరం రిజిస్టరులో అంకె పక్కన 'సె' అనో 'ఫా' అనో రాయించండి. కొలమానం పేరు లేని అంకె సగం మాటే.

చివరగా ఒక చిక్కు ప్రశ్న: రెండు కొలమానాల్లోనూ ఒకే అంకె వచ్చే చోటు ఒకటుంది. అది సున్నా కంటే కింద ఉంటుంది. లెక్క చేసి, జవాబు ఈ కాగితం కింద రాయండి!